పగిలిన పింగాణీ మాత్రమే

ముప్పై ఏళ్ళు జనం స్నానాల గదులకి టైల్స్ వేశాను. నా పనితనం చూసినవాళ్ళంతా తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా చూసినవాళ్ళే కాబట్టి పొగడ్తలు నా చెవిన పడింది తక్కువ. మోకాళ్ళు అరిగాక పని తగ్గించాను. నోరు మాత్రం తగ్గించలేదని మా అబ్బాయి ఫిర్యాదు. పేటలో చిన్నా పెద్దా అందరూ నన్ను మేస్త్రమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడే నాకు గుర్తొస్తుంది.

మా పేటలో నూట ముప్పై గడపలు. ఎన్ని చోట్ల నుంచి వచ్చినవాళ్ళో, ఎన్ని భాషలవాళ్ళో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. మూడో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు నాలుగు భాషల్లో తిట్లు వినబడతాయి, నాలుగూ నాకు అర్థమవుతాయి. పేట మొదట్లో బస్సు స్టాపు, దాని వెనక పొడుగాటి గోడ. ఒకప్పటి గిడ్డంగిది. గిడ్డంగిని కూలగొట్టారు గానీ గోడ కూలగొట్టడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

ఆ గోడ మీద రెండేళ్ళుగా ఎవరో ఒకే మాట రాస్తున్నారు. నల్ల స్ప్రే రంగు, నిలువెత్తు అక్షరాలు. ముందు మా కోడలి జాతివాళ్ళ పేరు, దాని వెనక ఒక బూతు, కింద 'పొండి' అని. ఆ బూతు నేనిక్కడ రాయను. వార్డు ఆఫీసు వాళ్ళు వచ్చి బూడిదరంగు పూసి వెళ్తారు. పదిహేను రోజులు తిరక్కుండా అదే మాట, అదే చోట. బూడిదరంగు మీద నలుపు ఇంకా బాగా కనబడుతుంది కూడా.

మా అబ్బాయి లారీ నడుపుతాడు, వారంలో అయిదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఎక్కడో సరుకు దించడానికి వెళ్ళినప్పుడు ఈ అమ్మాయిని చూసి, ఏడాది తిరిగేసరికి పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. వచ్చిన కొత్తలో ఆమెకి మా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. ఆరు నెలల్లో ఆమె మా మాట నేర్చేసుకుంది. నేను ఆమె భాషలో 'ఉప్పు' అన్న దగ్గరే ఆగిపోయాను. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని ఆమెకి. ఆరుంపావు బస్సెక్కితే సరిపోయేదానికి అయిదున్నరకే ఇల్లు వదిలేది. నా మొహం చూడలేక తొందరగా పోతోందనుకుని నేనూ మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు పక్క పేటలో పని ఉండి పొద్దున్నే బయల్దేరాను. మా స్టాపుకి వెనకటి స్టాపు అక్కడే, మా ఇంటికి ముప్పావు మైలు ఉంటుంది. చూస్తే మా కోడలు అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు నొక్కుకుంటోంది. రోజంతా నిలబడి చేసే పని ఆమెది. పాదాలు వాచి ఉన్నాయి.

"ఇక్కడేం చేస్తున్నావమ్మాయ్?" అన్నాను.

"నడిస్తే మంచిదని, అత్తయ్యా."

"మంచిదైతే కాళ్ళు అలా ఉబ్బవు. నిజం చెప్పు."

చెప్పులు తొడుక్కుంది. చివరికి, "ఆ గోడకి వీపు పెట్టి నిలబడలేను అత్తయ్యా. వెనక అది ఉంటుంది, ఎదురుగా జనం ఉంటారు. వాళ్ళు గోడ చదివి నన్ను చూస్తారు. ఇక్కడెక్కితే ఆ స్టాపు దాటేటప్పుడు బస్సులో తల అవతలికి తిప్పుకుంటే సరిపోతుంది," అంది.

ఎన్నాళ్ళనుంచి అంటే, "మొదటిసారి రాసినప్పటినుంచి," అంది.

రెండేళ్ళు. నేను ఇంట్లో కూర్చుని నా మొహమే దానికి కారణమనుకుంటున్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు పనికి వెళ్ళలేదు, తిన్నగా వార్డు ఆఫీసుకి వెళ్ళాను. ఆ పిల్ల మా స్టాపులో బస్సెక్కేదాకా నేను ఊరుకోనని దారిలోనే నిర్ణయించుకున్నాను.

ఆఫీసులో ఆ పని చూసే గుమాస్తా మంచివాడే. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారితే గానీ మనిషిని చూడడు. గోడ సంగతి ఎత్తగానే సంబరంగా ఒక కాగితం తీశాడు. నెలాఖరుకి గోడ పొడవునా అచ్చువేసిన ప్లాస్టిక్ షీటు తొడిగిస్తారట. దాని మీద పూలు, పావురాలు, రకరకాల రంగుల పిల్లలు చేతులు పట్టుకుని నవ్వుతూ ఉంటారు.

"ఎవరి పిల్లలు వీళ్ళు?" అన్నాను.

"ఎవరి పిల్లలూ కాదమ్మా, బొమ్మలు."

"ఈ ప్లాస్టిక్ మీద కూడా వాడు రాస్తే?"

"మళ్ళీ కొత్తది వేయిస్తాం."

నేను నా సంచీలోంచి ఒక టైలు ముక్క తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కలంతో దాని మీద గీత గీసి, వేలితో తుడిచి చూపించాను. "పింగాణీ మీద రంగు నిలవదు నాయనా. స్ప్రే రంగైనా సరే, థిన్నర్ గుడ్డతో రుద్దితే పోతుంది. మా పేటవాళ్ళ ఇళ్ళల్లో పగిలిన ప్లేట్లు, కప్పులు తెచ్చి గోడంతా అతికిస్తాం. జిగురు, తెల్ల సిమెంటు మీరివ్వండి. కూలి అక్కర్లేదు."

"అతికించేదెవరు?"

"పేటవాళ్ళమే."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఏమీ అనుకోకండి. ఈ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఉన్నాను. మీ పేటవాళ్ళంతా కలిసి చేసిన పని ఒక్కటీ నా దృష్టికి రాలేదు. చెత్తకుండీ ఎక్కడ పెట్టాలన్న దాని మీదే పద్నాలుగు అర్జీలున్నాయి."

అందులో రెండు నావే, ఆ సంగతి చెప్పలేదు. బతిమాలాను, కసిరాను, మళ్ళీ బతిమాలాను. చివరికి నెలాఖరు దాకా గడువిచ్చాడు. కానీ ఒక షరతు పెట్టాడు. కనీసం నూరు ఇళ్ళ చెయ్యి దాని మీద పడాలి. నూటికి ఒక్క ఇల్లు తగ్గినా ప్లాస్టిక్ షీటే.

ఆ ఆదివారం టైలరమ్మ కొట్లో సమావేశం పెట్టాం. పేటలో నాలుగు కుర్చీలు ఒకచోట ఉండేది అక్కడే. గోడ మీద ఏం బొమ్మ వేయాలన్న దగ్గర మొదలై రెండు గంటలు అరుచుకున్నారు. ఒకరు జెండాలన్నారు, ఇంకొకరు అసలు జెండా ఊసే ఎత్తొద్దన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, పేటకి ఎవరు ముందొచ్చారో ఆ వరసలో మనుషుల బొమ్మలు పెడదామన్నారు. ఆయన ముందొచ్చినవాళ్ళలో రెండోవారు. మొదటొచ్చినావిడ చెవిటిది, ఆమెకి ఇదేమీ వినబడలేదు.

టైలరమ్మ అంతసేపూ కాజాలు కుడుతూనే ఉంది. దారం కొరికి, "బొంత కుట్టినట్టు చేద్దాం," అంది. "ఇంటికొక గడి. అందరికీ ఒకే కొలత, రెండు జానలు. ఎవరి గడిలో వాళ్ళ పింగాణీ, వాళ్ళ ఇష్టం. పక్కవాళ్ళ గడి గురించి ఎవరూ నోరెత్తకూడదు."

అంత తెలివైన మాట ఆ కొట్లో అంతకుముందు వినబడలేదు. మర్నాడు నేను పెద్ద అక్షరాలతో కాగితాలు రాయించి ప్రతి మెట్ల దగ్గరా అంటించాను. 'గోడ కోసం మీ ఇంట్లోని పగిలిన పింగాణీ మాత్రమే ఇవ్వండి.' మూల కొట్టు ముందు పెద్ద బుట్ట పెట్టాం. ఎవరికి వాళ్ళు వచ్చి వేసి, కొట్టు పెద్దాయన దగ్గర ఇంటి నంబరు రాయించి వెళ్ళాలి.

శుక్రవారానికి కొట్టు పెద్దాయన కబురు పెట్టాడు. బుట్ట నిండింది, రెండోది నిండింది, మూడోదీ నిండింది, డెబ్బై ఇళ్ళు ఇచ్చాయి, వచ్చి తీసుకుపొమ్మని. నా మోకాళ్ళ నొప్పి కూడా ఆ పూట ఎటో పోయింది. పరుగున వెళ్ళి బుట్ట మీద గుడ్డ తీశాను.

అన్నీ ప్లేట్లే. అన్నీ తెల్లవే. అన్నిటికీ అంచున ఒకే నీలం గీత. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. కొన్నిటి వెనక ధర చీటీ కూడా ఉంది.

"ఇవెక్కడివి పెద్దాయనా?"

"ఇక్కడివే. నా దగ్గర ఈ రకమొక్కటే ఉంది కదా. రెండుసార్లు సరుకు తెప్పించాను." ఆయన మొహంలో వెలుగు చూడాలి. "నావి కూడా రెండున్నాయి ఇందులో."

"పగిలినవి ఇవ్వమని కదయ్యా రాశాం. అదీ 'మాత్రమే' అని."

"రాస్తారు. కానీ పదిమందికీ సంబంధించిన పనికి పగిలింది ఎలా ఇస్తాం మేస్త్రమ్మా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఫలానా వాళ్ళింట్లో గొడవలు పడి ప్లేట్లు విసురుకుంటారనుకోరూ?"

నేను ఆయన్ని కడిగేద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. దాచడమెందుకు, ఆ మూడు బుట్టల్లో ఒక ప్లేటు నాది. బుధవారం నాడు వెళ్ళి కొని తెచ్చి, ఎవరూ చూడకుండా వేసొచ్చాను. పగిలినవి ఇవ్వమని ఊరంతా కాగితాలు అంటించినదాన్ని నేనే. ఒకరి భాష ఒకరికి రాని డెబ్బై ఇళ్ళవాళ్ళం, ఒకరినొకరు అడక్కుండానే ఒకే కొట్టుకి వెళ్ళి ఒకే ప్లేటు కొన్నాం. మేము కలిసి చేసిన మొదటి పని అదేనని గుమాస్తాకి చెప్పాలనిపించింది.

అలాగే అతికిస్తే గోడ ఆస్పత్రి వంటగదిలా ఉంటుంది. ఇంకా పదిహేను రోజులు మిగిలాయి.

మా ఇంట్లో పగిలింది లేక నేను ప్లేటు కొనలేదు. ఉంది. మా కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మూతగిన్నె, ఆకుపచ్చ పింగాణీ, అంచు చుట్టూ చేపల వరస. వాళ్ళమ్మ ఇచ్చింది. వచ్చిన మొదటి ఏడే కడుగుతూ చెయ్యి జార్చాను. నాలుగు ముక్కలైంది. ముప్పై ఏళ్ళ పనిలో ఒకరి సామాను పగలగొట్టి ఎరుగను, సిగ్గుతో చచ్చిపోయాను. ముక్కలు గుడ్డలో చుట్టి నా పనిముట్ల పెట్టె అడుగున పెట్టేశాను. గిన్నె ఏదని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆమె పని నుంచి రాగానే గుడ్డ మూట తెచ్చి ఆమె ముందు విప్పాను. "నేనే పగలగొట్టాను. దాచాను. తప్పు నాది," అన్నాను. అంతకంటే పొడుగ్గా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆమె ముక్కల్ని చూసింది. "నాకు తెలుసు అత్తయ్యా. మీ పెట్టెలోంచి సుత్తి తీసుకున్న రోజే చూశాను. మీరే చెబుతారని ఎదురుచూశాను."

"రెండేళ్ళా?"

"రెండేళ్ళు."

ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు భరించలేనట్టుగా ఉంది. తిట్టి ఉంటే తేలిక పడేదాన్ని. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆమె చూడకుండా కొంగుతో ఒత్తుకున్నాను. ఆ ముక్కలు మన గడిలో పెడదామా అని మెల్లిగా అడిగాను.

"వద్దు," అంది వెంటనే. "ఇది మా అమ్మది. నన్ను పొమ్మన్న గోడకి మా అమ్మ గిన్నె ఇవ్వను. మీకు అతికించడం వచ్చు కదా. అతికించి నాకే ఇవ్వండి."

ఆ జవాబు న్యాయమైనదే. ఆ రాత్రి భోజనాలయ్యాక నాలుగు ముక్కలూ జిగురుతో అతికించాను. అతుకులు కనబడతాయి, నీళ్ళు కారవు. పొద్దున్నే ఆమె దాన్ని అలమారలో పై అరలో పెట్టుకుని, బయటికి వెళ్తూ, "గోడ పని మానకండి," అంది. "మీరు మొదలుపెట్టి మానేస్తే వాడికి ఇంకా అలుసు."

మానే ఉద్దేశం నాకూ లేదు. ఆదివారం టైలరమ్మ కొట్టు ముందు మూడు బుట్టలూ వరసగా పెట్టించి, గుడ్డలు తీయించాను. జనం చూశారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు దగ్గడం మొదలుపెట్టారు. అప్పుడు నేను స్టూలు ఎక్కి నా గిన్నె కథ మొత్తం చెప్పాను. మూడో బుట్టలో నేను కొన్న ప్లేటు ఎక్కడుందో కూడా వేలుపెట్టి చూపించాను.

"నాకు కొత్త ప్లేట్లొద్దు," అన్నాను. "ఈ పేటలో ఒక్క గిన్నె కూడా పగలని ఇల్లు ఒక్కటి చూపిస్తే ఇప్పుడే ఈ పని వదిలేస్తాను. ఎలా పగిలిందని ఎవరినీ అడగను. ఎవరైనా అడిగితే వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

అందరూ ఇళ్ళకి పోయారు. పనైపోయిందనుకున్నాను. గంట తర్వాత టైలరమ్మ వచ్చింది, చేతిలో పాత కాగితంలో చుట్టిన టీ కెటిల్ ముక్కలు. "పిల్లి తోసింది," అంది. నేను తలూపాను. తర్వాత మాస్టారు వచ్చారు, సగం విరిగిన పూలకుండీ పట్టుకుని. "పిల్లి," అన్నారు. ఆయన ఇంట్లో పిల్లి లేదు, ఆయనకి పిల్లులంటే తుమ్ములు. సాయంత్రానికి ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చారు. మా పేటలో ఇన్ని పిల్లులున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

పిల్లుల కథ రెండు రోజులే నడిచింది. తర్వాత తర్వాత నిజాలే చెప్పడం మొదలుపెట్టారు, నేను అడక్కపోయినా. తన కొట్లో కూర్చుని కెటిల్ ముక్కలు గడి కొలతకి కోసిన నెట్‌కి అంటిస్తూ టైలరమ్మ, అది తన భర్త ఇల్లు వదిలి వెళ్ళిన రోజు గోడకేసి కొట్టినదని చెప్పింది. పక్కన కూర్చున్న ఒక పిల్లలతల్లి, "అతనికి సరిగ్గా తగిలిందా?" అని అడిగింది. లేదని టైలరమ్మ చెబితే, కొట్టు కొట్టంతా నవ్వింది. ఒకామె భాష ఎవరికీ రాదు. ఆమె ఒక కప్పు పిడి ఒక్కటే తెచ్చి, చేత్తో ఇంత పొడుగు మనిషని చూపించి, చెయ్యి నేలదాకా దించింది. ఆ పిడిని ఆమె తన గడి నడిమధ్యలో పెట్టుకుంది.

పని పద్ధతి నేనే నేర్పాను. ముక్కని గుడ్డలో చుట్టి, సుత్తితో ఒకే దెబ్బ. అంచుల్ని రాయి మీద అరగదీయాలి, లేకపోతే దారిన పోయేవాళ్ళ చేతులు కోసుకుంటాయి. రెండు జానల నెట్ ముక్క మీద జిగురుతో అంటించుకుని, ఎవరి గడి వాళ్ళు మోసుకురావాలి. గోడకి ఎక్కించడం, సందుల్లో తెల్ల సిమెంటు నింపడం నా వంతు. చేస్తానన్నవాళ్ళలో సగంమంది మొహం చాటేశారు. కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన తలుపు తీయకపోతే ఆయన గడప ముందే స్టూలేసుకుని నా ముక్కలు అరగదీసుకుంటూ కూర్చున్నాను. ఆ చప్పుడుకి అరగంటలో తలుపు తీశాడు, చేతిలో పగిలిన సాసరుతో.

నా మోకాళ్ళు రెండు రోజులు పూర్తిగా మొరాయించాయి. మాస్టారు, కొట్టు పెద్దాయన నన్ను కుర్చీతో సహా ఎత్తి గోడ పొడవునా జరుపుతూ పోయారు. పైవరస పని నేను కింద నుంచి అరిచి చెబితే వాళ్ళు చేశారు. మాస్టారు ఒక్క గడీ వంకర పోనివ్వలేదు, ప్రతిదానికీ రసమట్టం పెట్టి చూశారు. మా ఇంటి గడికి మాత్రం వేరే దారి లేక, నేను కొన్న ఆ తెల్ల ప్లేటునే పగలగొట్టి పెట్టాను. నీలం గీత ముక్కలన్నీ ఒకచోట చేర్చితే చూడ్డానికి ఫరవాలేదనిపించింది. మిగతా ప్లేట్లు ఖాళీలు పూడ్చడానికి, అంచులకి పనికొచ్చాయి.

నెలాఖరు రోజున గుమాస్తా వచ్చాడు. వేలు పెట్టి గడులు లెక్కపెట్టాడు. రెండుసార్లు మధ్యలో మరిచిపోయి మొదటికొచ్చాడు, ఎందుకంటే ప్రతి గడి ముందూ దాని సొంతదారు నిలబడి ఏదో ఒకటి చెబుతున్నారు. నూట నాలుగు వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకుని, "ప్లాస్టిక్ షీటు వేరే పేటకి పంపిస్తాను," అన్నాడు. నాకు అంతకంటే పొగడ్త అక్కర్లేదు. మా అబ్బాయి లారీ దిగి వచ్చి చూసి, "అమ్మా, ఇది స్నానాల గది కాదే," అన్నాడు. నేను వాణ్ణి ఒక్కటి వేశాను.

మర్నాడు పొద్దున్న అయిదున్నరకి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. మా కోడలు కుడివైపు తిరగాల్సింది ఎడమవైపే తిరిగి, వెనకటి స్టాపుకేసి నడిచిపోయింది.

సాయంత్రం అడిగేశాను, మనసులో దాచుకోవడం ఒకసారికి చాలనిపించింది.

"గోడ బాగుంది అత్తయ్యా," అంది. "నిజంగా బాగుంది. కానీ రాసినవాడు ఇక్కడే ఎక్కడో ఉన్నాడు కదా. గోడ మారింది గానీ వాడు మారలేదు. వాడు మళ్ళీ రాస్తాడు. ఆ రోజు నేను ఆ స్టాపులో ఒక్కదాన్నే నిలబడి ఉండాలా?"

ఆ పిల్ల కాళ్ళ వాపు తగ్గలేదు. నూట నాలుగు గడులు పెట్టిన పని చివరికి ఒక్క మనిషి విషయంలో ఎందుకూ కొరగాలేదని మంచమ్మీద పడుకుని గోడకేసి చూశాను, మా ఇంటి గోడకేసి.

తొమ్మిదో రోజు పొద్దున్న ఆరింటికి ముందే టైలరమ్మ తలుపు బాదింది. "మళ్ళీ రాశాడు మేస్త్రమ్మా."

బకెట్, థిన్నర్ డబ్బా, పాత గుడ్డల మూట పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళాను. అదే మాట. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఇంతకుముందు కంటే పెద్ద అక్షరాలు. నేను గుడ్డ తడిపి ఒక మూల మొదలుపెట్టాను. నల్లరంగు పింగాణీ మీంచి పొరలా ఊడి వస్తోంది. కానీ సందుల్లో సిమెంటు దాన్ని పీల్చేసుకుంది, అక్కడ నలుపు ఉండిపోతోంది.

అంతలో మాస్టారు వచ్చారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నా చేతిలో గుడ్డ లాక్కుని తన గడి దగ్గరికి పరిగెత్తి రుద్దడం మొదలుపెట్టారు. కొట్టు పెద్దాయన షట్టరు సగం తీసి అలాగే వదిలేసి వచ్చాడు. తలుపు తీయనాయన కూడా వచ్చాడు. కప్పు పిడి ఆవిడ తన తలగుడ్డ విప్పి దానితోనే తుడుస్తోంది, తన భాషలో ఏదో తిడుతోంది, ఈసారి ఆ భాష కూడా అందరికీ అర్థమైంది. పది నిమిషాల్లో ముప్పై మంది పైగా చేరారు. ఎవరి గడి వాళ్ళది ముందు, తర్వాత పక్కవాళ్ళది.

ఆరుంపావు బస్సు వచ్చి ఆగింది. ఎక్కాల్సినవాళ్ళు కూడా గోడ దగ్గరే ఉన్నారు, ఎవరూ తిరిగి చూడలేదు. బస్సు కిటికీలన్నిటికీ మొహాలు అంటుకుని ఉన్నాయి. డ్రైవరు హారను కొట్టబోయి మానుకున్నాడు. తలుపు తెరుచుకుంది. ఎక్కేవాళ్ళు లేరు గానీ ఒక మనిషి దిగింది. మా కోడలు.

బస్సు వెళ్ళిపోయింది. ఆమె కాసేపు అలాగే నిలబడి గోడ మొత్తం ఒకసారి చూసింది, తల ఎటూ తిప్పుకోలేదు. తన జాతి పేరు రాసి ఉన్నచోట అప్పటికే టైలరమ్మ, ఇంకో నలుగురు ఉన్నారు. ఆ పేరులో సగం అక్షరాలు లేవు. మా ఇంటి గడి మీద మాత్రం నలుపు అలాగే ఉంది. అది మేస్త్రమ్మ గడి, పాడుచేస్తే తిడుతుందని ఎవరూ ముట్టుకోలేదు. నేనేమో ఆ కొసన ఉన్నాను.

కోడలు చేతిసంచీ నేలమీద పెట్టి, మూటలోంచి గుడ్డ తీసుకుని, థిన్నర్‌లో ముంచి, మా గడి తుడవడం మొదలుపెట్టింది. నేను కుంటుకుంటూ దగ్గరికి వెళ్ళేసరికి నీలం గీతలు బయటపడ్డాయి.

"సందుల్లోది పోవడం లేదు అత్తయ్యా."

"పోదు. గీకేసి కొత్త సిమెంటు పెట్టాలి. ఆదివారం చేస్తాను."

"చేద్దాం," అంది.

తుడుస్తుండగానే ఏడు దాటింది, ఆమె ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి, పైఅధికారిణి. ఎందుకు రాలేదని గట్టిగానే అడుగుతున్నట్టుంది, నాకు కూడా వినబడుతోంది. మా కోడలు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతోనూ రుద్దుతూనే మాట్లాడింది. పనయ్యాక తర్వాతి బస్సుకి వస్తానని చెప్పింది. ఎక్కడున్నావని అవతలావిడ అడిగింది.

"మా స్టాపులో," అంది మా కోడలు.